లేత భుజం – పెద్దల బాధ్యత

క్రీడల వల్ల దేహదారుఢ్యం, క్రమశిక్షణ, సహనం అలవడతాయని ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటూనే ఉన్నాం. అది నిర్వివాదాంశం. అయితే అదే క్రీడ పెద్దల అజాగ్రత్త వల్లనో, గెలుపుపై అత్యాశ వల్లనో ఎదిగే పిల్లవాని శరీరాన్ని శాశ్వతంగా చెడగొట్టగలదన్న మాట మాత్రం ఏ సభలోనూ వినబడదు. బహుమతి ప్రదానం నాడు వేదిక ఎక్కినవాడు అందరికీ కనిపిస్తాడు. భుజం చెడి పదిహేడవ ఏటనే మైదానం విడిచినవాడు ఎవరికీ కనిపించడు. ఈ రెండవవాని పక్షాన నాలుగు మాటలు చెప్పాలన్నదే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఇందుకు మేము ఉదాహరణగా ఎన్నుకున్నది అమెరికా, జపాన్ దేశాల్లో బహుళ ప్రచారంలో ఉన్న బేస్‌బాల్ ఆటను. మన దేశంలో ఇది విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లో తప్ప పెద్దగా కనిపించని ఆట. అయినా దీనినే ఎన్నుకోవడానికి కారణం ఉంది. బంతి విసిరే బాలుని చేతిపై ఎంత బరువు పడుతుందో కొలిచి, లెక్కగట్టి, ఆ లెక్కను నిబంధనగా మార్చిన ఆట ప్రపంచంలో ఇదే అగ్రగణ్యం. ఆ అనుభవం నుంచి క్రికెట్‌ను ప్రాణంగా ప్రేమించే మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవానిని పిచ్చర్ అంటారు. మైదానం మధ్య కొద్దిగా ఎత్తు చేసిన మట్టి దిబ్బపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాట్స్‌మన్ వైపు అతడు బంతిని విసరాలి. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. అంటే మన క్రికెట్ బంతి కన్నా కొంచెం తేలిక. క్రికెట్ బౌలర్ పరుగెత్తుకొని వచ్చి చేయి చాచి బంతి వేస్తాడు. మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదన్న నియమం అతనికి ఉంది. పిచ్చర్‌కు పరుగూ లేదు, ఆ నియమమూ లేదు. నిలిచిన చోటనే ఒక్క అడుగు ముందుకు వేసి, వంచిన మోచేతిని రెప్పపాటులో చాచి బంతిని వదలాలి. ఇదే పనిని ఒక ఆటలో సుమారు వంద పర్యాయాలు చేయవలసి రావచ్చు.

ఆ ఒక్క విసురులో జరిగేదేమిటో శాస్త్రజ్ఞులు సూక్ష్మంగా పరిశీలించారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ నగరాన డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ 1987లో స్థాపించిన క్రీడా వైద్య సంస్థ ఈ పరిశోధనకు ప్రధాన కేంద్రం. వేగవంతమైన కదలికలను పట్టుకోగల కెమెరాల సహాయంతో వారు విసురును ఆరు దశలుగా విభజించారు: సిద్ధం కావడం, అడుగు ముందుకు వేయడం, చేతిని వెనక్కు ఎక్కుపెట్టడం, చేతిని ముందుకు ఉరికించడం, బంతి విడిచాక చేతిని నిలవరించడం, చివరికి శరీరాన్ని సర్దుకోవడం.

ఈ ఆరు దశల్లోనూ గమనించదగిన విషయం ఒకటి ఉంది. బలం చేతిలో పుట్టదు. నేలను తన్నిన కాలిలో పుడుతుంది. కాలి నుంచి నడుముకు, నడుము నుంచి మొండేనికి, అక్కడి నుంచి భుజానికి, మోచేతికి, మణికట్టుకు, వేళ్లకు వరుసగా అందుతుంది. బండివాని చెర్నాకోలలో పిడి కొద్దిగా కదిలితే కొస ఫెళ్లుమంటుంది కద! ఇదీ అట్టిదే. నడుము ముందు తిరగాలి, భుజాలు ఆ తరువాత తిరగాలి. ఈ వరుస తప్పి మొండెం ముందుగానే తెరుచుకుంటే కాలు, నడుము చేయవలసిన పని చేయి ఒంటరిగా చేయవలసి వస్తుంది. మంచి శిక్షకుడు మొదట చూసేది చేతిని కాదు, కాళ్లను. ముందుకు వేసిన అడుగు సూటిగా పడిందా, మొండెం సకాలంలో తిరిగిందా, అడుగు నేల తాకేసరికి మోచేయి భుజాల వరుసకు చేరిందా అన్నవే అతని ప్రశ్నలు.

ఇక చేతిని ఎక్కుపెట్టిన క్షణాన్ని చూద్దాం. అప్పుడు భుజకీలు ఎంతగా వెనక్కు తిరుగుతుందంటే ముంజేయి దాదాపు నేలకు సమాంతరంగా వెనక్కు వాలుతుంది. ఆ స్థితి నుంచి బంతి విడిచేవరకు పట్టే కాలం సెకనులో ఇరవయ్యవ వంతు కూడా ఉండదు. ఆ లిప్తకాలంలో భుజం ముందుకు తిరిగే వేగం సెకనుకు ఏడు వేల డిగ్రీల పైమాటే. మానవ శరీరం చేయగల అత్యంత వేగవంతమైన కదలికల్లో ఇది ఒకటని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బంతి చేతిని విడిచాక ఆ వేగాన్ని ఆపవలసిన భారం భుజం వెనుక ఉన్న చిన్న కండరాలపై పడుతుంది. చేయి భుజం నుంచి ఊడిపోకుండా పట్టి ఉంచడానికి దాదాపు శరీర బరువుకు సమానమైన బలం అవసరమవుతుంది.

మోచేతి సంగతి మరింత ఆలోచింపదగినది. చేతిని ఎక్కుపెట్టిన క్షణంలో మోచేతి లోపలి వైపును విప్పదీయడానికి ప్రయత్నించే బలం వయోజన పిచ్చర్లలో సుమారు 64 న్యూటన్ మీటర్లని 1995లో గ్లెన్ ఫ్లైసిగ్, ఆయన సహచరులు లెక్కగట్టారు. మోచేతి లోపలి వైపున రెండు ఎముకలను కలిపి కట్టి ఉంచే సన్నని సంధిబంధనం, అంటే లిగమెంట్, ఉంది. మృతదేహాలపై జరిపిన పరీక్షల్లో అది దాదాపు 32 న్యూటన్ మీటర్ల వద్దనే తెగిపోయింది. అనగా ప్రతి విసురులోనూ ఆ కట్టుపై దాని శక్తికి ఇంచుమించు రెట్టింపు భారం పడే ప్రమాదం ఉన్నదన్నమాట. మరి ప్రతి పిచ్చర్ చేయి మొదటి బంతికే ఎందుకు తెగిపోదు? ముంజేతి కండరాలు బిగుసుకొని, ఎముకలు ఒకదానికొకటి ఆని, ఆ భారాన్ని పంచుకుంటాయి గనుక.

ఈ ఒక్క వాస్తవంలోనే మొత్తం సమస్య ఇమిడి ఉంది. కండరం అలసిపోతుంది. అలసిన కండరం తన వంతు భారం మోయదు. అది వదిలిన భారం సంధిబంధనంపై పడుతుంది. సంధిబంధనానికి అలసట అంటే ఏమిటో తెలియదు. తెగేవరకు అది మాట్లాడదు. అంతే కాదు, అలసిన పిల్లవాని విసిరే తీరు కూడా మారిపోతుంది. మోచేయి జారుతుంది, మొండెం ముందుకు వంగడం మానుతుంది. చక్కని శైలి నేర్పామన్న ధీమా అలసట ముందు పనికిరాదు. శైలి తొలి బంతిని కాపాడుతుంది. తొంభయ్యవ బంతిని కాపాడేది విశ్రాంతి మాత్రమే.

పిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఎదిగే వయస్సులో ఎముకల చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థి పొరలు ఉంటాయి. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. యౌవనం వచ్చాక అవి గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. అంతవరకు ఆ పొర సంధిబంధనం కన్నా బలహీనమైనది. కనుక పెద్దవానికి లిగమెంట్ తెగే చోట పిల్లవానికి ఎముకే విడివడుతుంది. మోచేతి లోపలి వైపు కలిగే ఈ వికారానికి 1960లోనే వైద్యులు బాలల బేస్‌బాల్ పేరు చేర్చి ‘లిటిల్ లీగర్ మోచేయి’ అని పేరు పెట్టారు. భుజాస్థి పై చివర కూడా ఇట్టి గాయమే కలుగుతుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను శిక్షకులు తరచు వల్లిస్తారు. మొక్క వంగుతుంది, నిజమే. విరగడం కూడా మొక్కకే సులభమన్న సంగతి వారు మరువరాదు.

మరి గాయానికి అసలు కారణమేది? చాలాకాలం వరకు నింద అంతా వంపు తిరిగే బంతిపై మోపబడింది. పిల్లవాడు మణికట్టు తిప్పి బంతిని వంకరగా పంపడం వల్లనే మోచేయి చెడుతుందని తండ్రులు, శిక్షకులు నమ్మారు. కాని ప్రయోగశాలలో కొలిచి చూసినప్పుడు వంపు బంతి కన్నా వేగపు బంతే మోచేతిపై అధిక భారం మోపుతున్నదని తేలింది. చిన్నవారు వంపు బంతులు వేయకపోవడమే మంచిదని చెప్పే వైద్యులు నేటికీ ఉన్నారు. ముందు సూటిగా వేయడం నేర్వాలన్నది సమంజసమైన సలహాయే. అయినా అసలు దోషి బంతి రకం కాదు, బంతుల సంఖ్య.

దీనికి సాక్ష్యం బలంగా ఉంది. శస్త్రచికిత్స దాకా వెళ్లిన యువ పిచ్చర్లను, గాయం లేని వారితో పోల్చి బర్మింగ్‌హామ్ సంస్థ 2006లో ఒక అధ్యయనం వెలువరించింది. సంవత్సరంలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో బంతి విసిరినవారికి శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం ఐదు రెట్లు. ఆటకు సగటున 80 బంతులు మించినవారికి దాదాపు నాలుగు రెట్లు. చేయి అలసిందని తెలిసి కూడా తరచుగా విసిరినవారికి ముప్పది ఆరు రెట్లు! 9 నుంచి 14 ఏండ్ల వయస్సు గల 481 మంది బాలురను పదేండ్లపాటు గమనించి 2011లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, సంవత్సరానికి 100 ఇన్నింగ్స్ మించి బంతి విసిరినవారికి తీవ్రమైన గాయం కలిగే అవకాశం మూడున్నర రెట్లని తేలింది. ముప్పది ఆరు రెట్లన్న అంకెను కళాశాల క్రీడా సంఘంవారు ఒక్క నిమిషం మనస్సులో నిలుపవలసిందిగా మా ప్రార్థన.

ఇట్టి సాక్ష్యాధారాలు లభించిన మీదట అమెరికాలో 1939 నుంచి బాలలకు బేస్‌బాల్ పోటీలు నడుపుతున్న లిటిల్ లీగ్ సంస్థ 2007లో బంతుల లెక్కను నిబంధనగా చేసింది. ఏడెనిమిదేండ్ల వారికి రోజుకు 50 బంతులు, తొమ్మిది పదేండ్ల వారికి 75, పదకొండు పన్నెండేండ్ల వారికి 85, పదమూడు నుంచి పదహారేండ్ల వారికి 95. విశ్రాంతికీ లెక్క ఉంది. పద్నాలుగేండ్లు, అంతకు లోపు వయస్సు గల బాలుడు 66 గాని, అంతకు మించి గాని బంతులు విసిరితే నాలుగు రోజులు తిరిగి విసరరాదు. 51 నుంచి 65 వరకైతే మూడు రోజులు. 36 నుంచి 50 వరకైతే రెండు రోజులు. 21 నుంచి 35 వరకైతే ఒక రోజు. 2014లో అమెరికా వృత్తి బేస్‌బాల్ సంస్థ, ఆ దేశపు జాతీయ సమాఖ్య కలిసి ‘పిచ్ స్మార్ట్’ అనే సూచనలు వెలువరించాయి. ఎదిగే బాలుడు సంవత్సరంలో కనీసం నాలుగు నెలలు బంతి విసరకుండా ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది.

ఈ సందర్భంలో టామీ జాన్ పేరును స్మరించక తప్పదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచ్చర్ అయిన అతనికి 1974 జులైలో మోచేతి సంధిబంధనం తెగింది. అదే సంవత్సరం సెప్టెంబరు 25వ తేదీన డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి ఒక స్నాయువును తీసి, ఎడమ మోచేతిలో తెగిన కట్టుకు బదులుగా అమర్చారు. అంతకుముందు ఏ పిచ్చర్‌కూ జరగని శస్త్రచికిత్స అది. నూటికి ఒక్క పాలే ఆశ అనుకున్నారు. 1975 అంతా ఆటకు దూరమై, 1976లో తిరిగి వచ్చిన టామీ జాన్ 1989 వరకు ఆడాడు. తన మొత్తం 288 విజయాల్లో 164 శస్త్రచికిత్స తరువాత సాధించినవే. ఆ చికిత్సకు అతని పేరే స్థిరపడింది.

ఇది వైద్యశాస్త్రానికి గర్వకారణం. కాని దీని వెనుక ఒక విపరీతం పెరిగింది. చికిత్స ఉన్నది గదా అన్న ధీమాతో జాగ్రత్త సడలింది. ఆ శస్త్రచికిత్స చేయించుకుంటే చేయి మునుపటికన్నా బలపడుతుందని నమ్మే యువకులు, తల్లిదండ్రులు కూడా బయలుదేరారు. అది వట్టి భ్రమ. కోలుకోవడానికి సంవత్సరం పైగా పడుతుంది. మునుపటి స్థాయికి తిరిగిరాని వారూ ఉన్నారు. అమెరికాలో 2007–2011 మధ్య జరిగిన ఈ చికిత్సల్లో సగానికి పైగా 15 నుంచి 19 ఏండ్ల వారికే జరిగాయన్నది ఒక అధ్యయనంలో తేలిన సత్యం. ఒకనాడు ముప్పది దాటిన వృత్తి ఆటగానికి చేసిన చికిత్స నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి చేయవలసి వస్తున్నదంటే ఆ సిగ్గు వైద్యులది కాదు, ఆడించిన పెద్దలది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కద!

జపాన్ దేశపు అనుభవం ఇంతకన్నా హృదయాన్ని కదిలించేది. అక్కడ ఉన్నత పాఠశాలల జాతీయ పోటీ 1915లో మొదలైంది. కోషియెన్ మైదానంలో ఆగస్టు ఎండలో జరిగే ఈ పోటీని దేశమంతా పండుగలా చూస్తుంది. 1998 ఆగస్టు 20న యొకొహామా పాఠశాలకు చెందిన దైసుకే మత్సుజాకా 17 ఇన్నింగ్స్ సాగిన ఆటలో ఒంటరిగా 250 బంతులు విసిరాడు. అంతకు ముందు రోజు అతడు విసిరినవి 148. మరునాడు కూడా ఒక ఇన్నింగ్స్ విసిరి, ఆ పై రోజు తుదిపోటీలో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. జాతి యావత్తు అతనికి జేజేలు పలికింది. 2011లో అతనికీ టామీ జాన్ చికిత్స తప్పలేదు. ఆ 250 బంతులే దానికి కారణమని ఎవరూ రుజువు చేయలేరు. కాని ఆ రోజున ఆపవలసిన పెద్దవాడు ఒక్కడూ ముందుకు రాలేదన్నది మాత్రం నిజం. 2013 వసంతకాలపు పోటీలో తొమిహిరో అన్‌రాకు అనే పదహారేండ్ల బాలుడు ఐదు ఆటల్లో 772 బంతులు విసిరాడు. అదే సంవత్సరం అతని మోచేయి దెబ్బతిన్నది. 2018లో కోసెయ్ యోషిదా ఆరు ఆటల్లో 881 బంతులు విసిరాడు. అప్పటికి గాని ప్రజాభిప్రాయంలో చలనం రాలేదు. వారానికి 500 బంతులు మించరాదన్న నియమాన్ని అక్కడి ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ సమాఖ్య 2020 నుంచి అమలు చేసింది. ఇది ఉదారమైన పరిమితి. అయినా నూరేండ్లు గడిచాక వచ్చిన తొలి పరిమితి.

ఆ మార్పుకు ముందు ఏడు, అంటే 2019 జులైలో, ఇవాతే రాష్ట్రంలో జరిగిన సంఘటన ప్రతి క్రీడా సంఘమూ చదువదగినది. ఒఫునాతో పాఠశాలలో రోకి ససాకి అనే పిచ్చర్ ఉన్నాడు. గంటకు 163 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరి దేశాన్ని అబ్బురపరచిన పదిహేడేండ్ల బాలుడు. రాష్ట్రస్థాయి పోటీలో ఒక ఆటలో 194 బంతులు, తరువాత సెమీఫైనల్‌లో 129 బంతులు విసిరి జట్టును తుదిపోటీకి చేర్చాడు. మరునాడే ఫైనల్. గెలిస్తే 35 ఏండ్ల తరువాత ఆ పాఠశాల కోషియెన్ వెళ్తుంది. శిక్షకుడు ససాకిని దించలేదు. గాయం కాకూడదనే దించలేదని బహిరంగంగా చెప్పాడు. జట్టు 2–12 తేడాతో ఓడిపోయింది. పాఠశాలకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

ఆ శిక్షకుడు చేసింది తప్పా, ఒప్పా? జపాన్‌లో ఈ వాదం చాలాకాలం సాగింది. తోటి ఆటగాళ్ల కలను ఒక్కని భుజం కోసం బలిపెట్టాడని కొందరన్నారు. ఆ మాటలో బాధ ఉంది. దానిని తేలికగా తీసివేయలేము. కాని మా అభిప్రాయం స్పష్టం. మరొక సంవత్సరం మరొక తుదిపోటీ వస్తుంది, ఆ చేతికి బదులు మరొక చేయి రాదు. 2022 ఏప్రిల్ 10న అదే ససాకి, చిబా లొత్తె జట్టు పక్షాన, ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా 27 మందినీ వరుసగా ఔట్ చేశాడు. అందులో 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. వారం తిరిగాక మరొక ఆటలో ఎనిమిది ఇన్నింగ్స్ అదే విధంగా సాగింది. అపూర్వమైన రెండవ ఘనతకు ఒక్క ఇన్నింగ్స్ దూరంలో, 102 బంతుల వద్ద, జట్టు నిర్వాహకుడు అతనిని ఆపాడు. దీని అర్థం విశ్రాంతి ఇస్తే గాయమే రాదని కాదు. 2025లో అమెరికాలో ఆడుతూ ససాకి భుజం నొప్పితో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. వేగానికి మూల్యం ఉండనే ఉంటుంది. ఆ మూల్యాన్ని పెద్దవాడై, తెలిసి చెల్లించడం వేరు. పదిహేడేండ్ల వాని చేత పెద్దలు చెల్లింపజేయడం వేరు.

మా వాదానికి ప్రత్యుత్తరాలు లేకపోలేదు. ‘వెనుకటివారు రోజంతా విసిరేవారు, వారికేమైంది?’ అని అడుగుతారు. నిలిచినవారి పేర్లే మనకు తెలుసు. రాలిపోయినవారి జాబితా ఎవరూ రాయలేదు. ‘శ్రమిస్తేనే గదా బలం వస్తుంది’ అంటారు. అది సత్యమే, కాని శ్రమ తరువాత విశ్రాంతిలోనే కండరం బలపడుతుంది. విశ్రాంతి లేని శ్రమ అరుగుదల మాత్రమే. ‘అందరి శరీరాలు ఒకటి కావు, అందరికీ ఒకే లెక్క ఎలా?’ అన్నది కొంత బలమైన ప్రశ్న. నిజమే, 95 అన్న అంకెలో మహత్తు లేదు. కొందరికి అది ఎక్కువ, కొందరికి తక్కువ. అయినా ఆట రసవత్తరంగా సాగుతున్న వేళ ఎవరి శరీరం ఎంత మోయగలదో చూసి నిర్ణయించే నిబ్బరం ఏ శిక్షకునికీ ఉండదు. ఆ బలహీన క్షణం కోసమే నియమం.

అన్నిటికన్నా కఠినమైన ప్రత్యుత్తరం బాలుని నోటి నుంచే వస్తుంది. ‘నేను వేయగలను సార్’ అంటాడు. ఆ మాట వెనుక ఏమున్నదో మన విద్యార్థులకు చెప్పనక్కర లేదు. డొమినికన్ రిపబ్లిక్ వంటి పేద దేశాల్లో పదహారేండ్లకే అమెరికా జట్లతో ఒప్పందం కుదిరే అవకాశం ఉంది గనుక, పన్నెండేండ్ల నాటి నుంచే బాలురు శక్తికి మించి విసురుతారు. 2008లో మన దేశంలో జరిగిన ఒక పోటీలో నెగ్గి, పిట్స్‌బర్గ్ జట్టులో చేరిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఉత్తర ప్రదేశ్ యువకులకూ ఆ చేయే భాగ్యరేఖ అయింది. ఇక్కడ మన బస్తీల్లో అదే ఆశకు స్పోర్ట్స్ కోటా అని పేరు. రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఒక ఉద్యోగం. దాని మీద ఆధారపడిన తల్లి, తమ్ములు, చెల్లెళ్లు. నొప్పి ఉన్నదని చెబితే జట్టులో స్థానం పోతుంది, స్థానం పోతే ఆశ పోతుంది. కనుక కుర్రవాడు పళ్లు బిగించి నవ్వుతాడు. అతడు అబద్ధమాడుతున్నాడని నిందించే అర్హత మనకు లేదు. నిజం చెప్పినవానికి నష్టం కలిగే ఏర్పాటు చేసింది మనమే.

క్రికెట్‌లో చేతి కదలిక వేరు గనుక గాయం చోటు వేరు. బౌలర్‌కు మోచేతి కన్నా నడుము వెన్నుపూసలకు ప్రమాదం ఎక్కువ. డెనిస్ లిల్లీ 1973లో వెన్నెముక పగుళ్లతో ఆటకు దూరమయ్యాడు. అదే లిల్లీ 1987లో మద్రాసులో నెలకొన్న ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన దేశపు యువ బౌలర్లకు ఏండ్ల తరబడి శిక్షణ ఇచ్చాడు. జస్ప్రీత్ బుమ్రాకు 2019లో వెన్నులో పగులు కనబడింది. 2023లో శస్త్రచికిత్స జరిగింది. చోటు మారినా కారణం మారలేదు. ఎదిగే ఎముక, అలసిన కండరం, చాలని విశ్రాంతి. ఇంగ్లండ్ వంటి దేశాల్లో బాల బౌలర్లకు వయస్సును బట్టి ఓవర్ల పరిమితి విధించారు. మన ఊళ్లలో వేగంగా వేసే కుర్రవాడు ఉదయం కళాశాల నెట్స్‌లో, సాయంత్రం క్లబ్బు జట్టులో, రంజాన్ మాసపు రాత్రుల్లో దీపాల కింద టెన్నిస్ బంతి పోటీల్లో వేస్తాడు. మూడు చోట్ల ముగ్గురు పెద్దలు ఉన్నారు. మొత్తం లెక్క మాత్రం ఒక్కరి వద్దా లేదు.

కనుక కళాశాల క్రీడా సంఘంవారి ముందు ఐదు సూచనలు వినయపూర్వకంగా ఉంచుతున్నాం. మొదటిది, ప్రతి బౌలర్ వేసిన బంతుల లెక్కకు ఒక పుస్తకం ఉండాలి. నెట్స్‌లో వేసినవీ, ఇతర జట్లకు వేసినవీ అందులో చేరాలి. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక విద్యార్థి శ్రద్ధ మాత్రమే. రెండవది, పోటీల సీజను మొదలుకాకముందే వైద్యుని సలహాతో వారానికి ఇన్ని బంతులు, ఇన్ని విశ్రాంతి దినాలు అని నిర్ణయించి ప్రకటన పలకపై అంటించాలి. మూడవది, సంవత్సరంలో కొన్ని నెలలు బౌలర్లను ఫుట్‌బాల్, పరుగు, ఈత వంటి వేరు వ్యాయామాలకు మళ్లించాలి. కాళ్లు, నడుము బలపడితే చేతికి బరువు తగ్గుతుంది. నాలుగవది, ఆపమని ఫిజికల్ డైరెక్టర్‌గారు చెప్పిన మీదట కెప్టెన్ గాని, సంఘ సభ్యులు గాని, తుదిపోటీ అయినా సరే, ఆ మాట దాటరాదు.

ఐదవదే ముఖ్యమైనది. నొప్పి ఉన్నదని చెప్పిన ఆటగాడు కోలుకొని వచ్చేవరకు జట్టులో అతని పేరు, అతని స్పోర్ట్స్ రాయితీ చెక్కుచెదరక ఉంటాయని సంఘం లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈ హామీ లేనిదే మిగిలిన నాలుగూ కాగితంపైనే ఉండిపోతాయి. లెక్క పుస్తకం ఎన్ని బంతులు వేశాడో చెబుతుంది. ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్పవలసింది ఆ కుర్రవాడే.

విద్యార్థి మిత్రులకూ ఒక మాట. భుజం ముందు భాగంలో గాని, మోచేతి లోపలి వైపు గాని, నడుములో ఒక పక్క గాని విసిరినప్పుడల్లా నొప్పి పుడుతూంటే అది వీరత్వానికి గుర్తు కాదు, హెచ్చరిక. నొప్పి బిళ్లతో దానిని నొక్కివేసి మైదానంలోకి దిగకండి. తోటివాడు చేయి పట్టుకొని కూర్చుంటే పిరికివాడని నవ్వకండి. మీ నవ్వు భయంతోనే అతడు మరొక ఓవర్ వేస్తాడు.

ఉర్దూలో అమానత్ అని ఒక చక్కని మాట ఉంది. ఒకరు నమ్మి మనవద్ద ఉంచినదానిని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించవలసిన బాధ్యత అది. తెలుగులో మనం వాడే ‘అప్పగింత’లోనూ ఆ ఛాయ లేకపోలేదు. తల్లిదండ్రులు కొడుకును కళాశాలకు పంపినప్పుడు అతని చదువుతోపాటు అతని శరీరాన్నీ మనకు అప్పగించారు. బీరువాలో కప్పులు పెరగడం మాకూ సంతోషమే. మూడేండ్ల తరువాత ఆ కుర్రవాడు ఏ నొప్పీ లేకుండా చేయి పైకెత్తి, ఇంటి అటక మీది బియ్యం బస్తాను దించగలగాలి. మన క్రీడా విభాగం పనితీరును కొలవడానికి అంతకన్నా సరైన కొలమానం మాకు కనిపించడం లేదు. వచ్చే సంవత్సరపు పోటీల జాబితా తయారయ్యేలోగా ఈ ఐదు సూచనలు సంఘం సమావేశంలో చర్చకు రావాలని కోరుతున్నాం.